ఈశాన్యంలో నుసుములు

ధర్మవరంలో మా అన్న ఇంట్లో మగ్గం ఉన్న గదికి ఒకటే కిటికీ. కిటికీ కింద చేపల తొట్టి. తొట్టికి ఎదురుగా, చెయ్యి చాపితే అద్దం తగిలేంత దగ్గరలో మగ్గం. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేను. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ అక్కడి నుంచి కదలడానికి వీల్లేదు. గుంత మగ్గం నేలలో పాతుకున్న వస్తువు, దాన్ని జరపడమనే మాటే లేదు. తొట్టిని జరపకూడదు, అది ఈశాన్యం మూల అని వాస్తు చూసే ఆయన సుద్దముక్కతో నేల మీద గీత గీసి మరీ చెప్పిపోయాడు. ఇక నేను. నేను ఆ గుంతలోంచి లేస్తే పోవలసింది హిందూపురం, నా మొగుడి ఇంటికి. ఆ ఇంటికంటే ఈ గుంతే మేలని ఎంచుకుని వచ్చినదాన్ని. కాబట్టి మగ్గం, తొట్టి, నేను, ముగ్గురమూ ఉన్నచోటనే ఉన్నాం. మా చుట్టూ నుసుములు మాత్రం తమ ఇల్లయినట్టు తిరిగేవి.

నుసుము తెలియని వాళ్లు ఉండరు. ఆవగింజలో సగం ఉంటుంది. నల్లటి ఒళ్లు, సన్నటి రెక్కలు. దోమలా కుట్టదు. ఎగరడం కూడా సరిగ్గా రాదు, తాగినవాడు సందులో నడిచినట్టు అటూ ఇటూ తూలుతుంది. మామూలు ఇంట్లో అయితే చేత్తో తోలి ఊరుకుంటారు. పట్టు మగ్గం మీద అలా కుదరదు. ఆ వేసవిలో నేను నేస్తున్నది పాలతెలుపు చీర, ఎర్ర అంచు. నుసుము వచ్చి పోగుల మీద వాలుతుంది. అప్పుడే అడ్డపోగు మోసుకుని నాడె అటు పోతుంది, దాన్ని బిగించే పలక వచ్చి గుద్దుతుంది. అది రెండు పోగుల నడుమ నలిగి గోధుమరంగు చుక్క అవుతుంది. తడిబట్టతో తుడిస్తే చుక్క కాస్తా గీత అవుతుంది. అందుకని తుడవకూడదు, ఎండనిచ్చి సూదిమొనతో గిల్లాలి. గిల్లిన చోట పట్టు నూగులేస్తుంది. ఎర్రచీర అయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నా ఖర్మకు తెల్లచీర పడింది.

మా అన్న నేత మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు చీరలు అమ్ముతాడు, అదీ ఫోన్లో. సాయంత్రం పూట రెండు పెద్ద లైట్లు పెట్టుకుని, ఫోన్‌ను స్టాండుకు తగిలించి, కొంగు పరిచి పట్టుకుని “సూడండక్కా, మా ఇంట్లో మా మగ్గం మీద నేసిన చీర” అని లైవ్ పెడతాడు. అలా చూపించే వాటిలో మా మగ్గం మీద దిగింది ఏదో ఒకటి ఉంటుంది. మిగతావన్నీ ఎక్కడెక్కడివో. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అనలేదు. ఆ లైవ్ పెట్టుకోవడానికి ఆయనకు వసతైన గది లేదు. పడసాలలో పెడితే వీధిలో ఆటోల హారన్లు, పాలవాడి కేకలు. మగ్గం గది ఇంటికి లోపలి వైపు ఉంది, చప్పుడు రాదు. గుంత పూడ్చి, బండలు పరిచి, గోడలకు అద్దాల అరలు చేయించాలని ఆయన ఆశ. ఆ ఆశకు అడ్డం నేను.

ఆ తెల్లచీర, ఎవరో పెళ్లివాళ్లు లైవ్‌లో చూసి చెప్పి చేయించుకుంటున్నది. నిలువు పోగుల పడుగు మగ్గానికి ఎక్కించిన రోజున అన్న పక్కన నిలబడి నాతో తేల్చి చెప్పాడు.

“సూడమ్మా, ఈ చీర మచ్చ లేకుండా దిగల్ల. దిగిందంటే ఇంకో పడుగు తెస్తా, నీ ఇష్టం వచ్చినన్నాళ్లు నేసుకో. దిగలేదంటే గుంత పూడ్పిస్తా. మల్లా ఏడ్చేది గీడ్చేది పెట్టుకోవద్దు.”

“గుంత పూడిస్తే నేను యాడ ఉండల్లన్నా?”

“నీకు ఇల్లు లేదా? మొగుడు లేడా?”

కోపంగా అనలేదు. అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అన్నాడు. నాకు భయం వేసింది అందుకే. మగ్గం ఉన్నంత కాలం నేను ఆ ఇంట్లో పనిచేసే మనిషిని. మగ్గం పోతే మొగుణ్ణి వదిలి వచ్చిన చెల్లెల్ని. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో ఆడవాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు.

హిందూపురంలో నన్ను ఎవరూ కొట్టలేదు. ముందే చెప్తున్నాను, ఎందుకంటే అందరూ మొదట అదే అడుగుతారు. కొట్టలేదు, తిట్టలేదు, తిండికి మాడ్చలేదు. బయటికి పోయేటప్పుడు తలుపుకు బయట తాళం వేసుకుని పోయేవాళ్లు, అంతే. ఆయన కంపెనీ పనికి, అత్త గుడికో చుట్టాల ఇంటికో. “దుడ్లుండే ఇల్లు గదమ్మా, ఒంటి ఆడది లోపలుందంటే దొంగలకు అలుసు” అనేది అత్త. నా మంచికేనట. మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత తర్వాత తాళం పడే చప్పుడు వినగానే పోయి తలుపు లాగి చూసేదాన్ని. ఒకరోజు ఇద్దరూ ఎవరికి వారు ఇంకొకరు వేస్తారనుకుని తాళం వేయకుండా పోయారు. నేను తలుపు తీసుకుని స్టేషన్‌కు నడిచాను. రైలు పెనుకొండలో ఆగినప్పుడు ఆయన ఫోన్ చేశాడు. అప్పటికే ఇంటికి వచ్చి చూసినట్టుంది. “తలుపు బార్లా తీసి ఉండాది. తాళం చెవి యాడ పెట్టినావు?” అన్నాడు. నేను ఎక్కడున్నానని అడగలేదు. ఆ మాట విన్నాక ఇక వెనక్కి తిరగబుద్ధి కాలేదు.

అంత చేసి వచ్చి నేను చేరింది ఒంటి కిటికీ గదిలోకి.

మా వదిన చెన్నేకొత్తపల్లి దగ్గరి పల్లె మనిషి. మావాళ్లే అయినా ఎప్పుడో మగ్గం వదిలి సేద్యంలో పడిన ఇంటి బిడ్డ. పట్టు పోగును ముట్టుకోవాలంటే ఆమెకు భయం, తన గరుకు చేతులకు చిక్కుకుని తెగుతుందని. మగ్గం గదిలో కసువు ఊడ్చేటప్పుడు కూడా గుంతకు దూరంగా, గోడ వెంబడే తిరిగేది. పెళ్లయి ఇన్నేళ్లయినా కడుపు పండలేదు. డాక్టర్లు అయ్యారు, మొక్కులు అయ్యాయి, చివరికి వాస్తు వచ్చింది. ఈశాన్యంలో నీళ్లు కదులుతూ ఉండాలన్నారు. ఎర్రచేపలు, వాటి మధ్య ఒక నల్లచేప. నల్లచేప ఇంటి దోషాన్ని మింగేస్తుందట. వదిన పొద్దున లేచి ముఖం కడుక్కుని నేరుగా తొట్టి దగ్గరికే వచ్చేది. గింజలు వేసి, ఆ నల్లచేప తిన్నదా లేదా అని చూసేది. తినకపోతే ఆ పూట ఆమె కూడా సరిగ్గా తినేది కాదు.

ఇంతమాత్రం మనసున్న మనిషితో నాకు పడి ఉండాలి. పడలేదు. వచ్చిన మొదటి వారమే కూరలో ఉప్పు దగ్గర మొదలైంది. తర్వాత కొళాయి నీళ్ల దగ్గర, తర్వాత తువ్వాలు ఆరేసే తీగ దగ్గర. నేను నోటిదురుసు మనిషిని, ఆమె మూతి ముడిచే మనిషి. నేను ఒకటి అంటే ఆమె ఏమీ అనకుండా గిన్నె ఠంగుమని పెడుతుంది. నుసుములు వచ్చాక మాకు ఇంకో కారణం వెతుక్కునే శ్రమ తప్పింది.

అవి తొట్టి నుంచే వస్తున్నాయనడానికి ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. కళ్లెదురుగా కనిపిస్తున్నాయి కదా. సాయంత్రం తొట్టిలో లైటు వేయగానే అద్దం నిండా అవే. నీటి మీద తేలేవి అవే. చేపలు వాటిని గుటుక్కుమని మింగి బలిసిపోతున్నాయి. ఆ గదిలో సుఖంగా ఉన్నవి చేపలొక్కటే.

ఫోన్లో చూసి మొదట వెనిగర్ పెట్టాను. గిన్నెలో వెనిగర్ పోసి, అంట్లసబ్బు నురగ కొంచెం కలిపి పెడితే వాసనకు వచ్చి పడి చస్తాయని ఒకావిడ ఎంతో ఉత్సాహంగా చెప్పింది. ఆవిడ ఇంటి నుసుములకు ఆకలి ఎక్కువేమో. మావి గిన్నె అంచున కూర్చుని చూసి వెళ్లిపోయాయి. వేపాకు పొగ వేశాను. పట్టుకు పొగ వాసన పట్టిందంటే ఎవరు కొంటారని అన్న కేకలు వేశాడు. మందు కొడదామన్నాను. చేపలు చస్తాయని వదిన, పట్టు మీద మరక పడుతుందని అన్న. మొగుడూ పెళ్లాం ఒక్కమాట మీద నిలబడింది ఆ ఒక్కసారే చూశాను. ఫ్యాను వేసుకోమన్నారు పక్కింటి వాళ్లు. పట్టు మగ్గం గదిలో ఫ్యాను వేస్తే ఏమవుతుందో వాళ్లకు తెలియదు. పోగులు ఎండిపోయి పటపటమని తెగుతాయి.

చివరికి కిటికీకి దోమతెర కొట్టించాం. నేనే పట్టుబట్టి కొట్టించాను. ఆ తర్వాత రెండు రోజులకు నుసుములు ఇంకా ఎక్కువయ్యాయి. బయటి నుంచి వచ్చే దారి మూశామనుకున్నాం. లోపలివి పోయే దారి కూడా అదేనని ఎవరికీ తట్టలేదు.

ఎండాకాలం ధర్మవరంలో మధ్యాహ్నం పూట గది ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. తలుపు తీస్తే వేడిగాలి వచ్చి పడుగు మీద పడుతుంది, అందుకని తలుపు మూయాలి. ఫ్యాను లేదు. కిటికీకి తెర. ముఖం మీద చెమట కారితే చీర మీద పడుతుందని తలకు తువ్వాలు చుట్టుకునేదాన్ని. ముక్కులో నుసుము, చెవిలో నుసుము. చేతులు రెండూ పనిలో ఉంటాయి కాబట్టి ఉఫ్ అని ఊదుకోవడమే. ఒక్కోసారి అలా ఊదుతూ ఊదుతూ ఏడుపు వచ్చేది. ఎవరు బంధించారు నన్ను? ఎవరూ బంధించలేదు. తలుపు గడియ నేనే లోపల వేసుకున్నాను. హిందూపురంలో కనీసం తిట్టుకోవడానికి ఒక అత్త ఉండేది. ఇక్కడ ఎవరిని తిట్టాలి? అందుకని వదినను తిట్టాను.

గదిలో ఇంకో బాధ, కంపు. చేపల కంపు. నీళ్లు మారిస్తే కంపు పోవాలి. వదిన వారం వారం సగం నీళ్లు తోడి కొత్తనీళ్లు పోస్తూనే ఉంది. కంపు పెరుగుతూనే ఉంది. నుసుములు పెరుగుతూనే ఉన్నాయి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వేసవిలో పట్టు పోగు ఎండకుండా మగ్గం గుంతలో, తొక్కుడు కర్రల వెనక గోనెపట్టలు పరిచి తడుపుతారు. కింద నుంచి చెమ్మ లేచి పడుగు మెత్తగా ఉంటుంది. మా నాయన బతికి ఉండగా రోజూ తడిపేవాడు. ఆ గోనెలు ఇంకా అక్కడే ఉన్నాయి, కానీ నేను ఆ ఏడు ఒక్కసారీ తడపలేదు. కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది, బిందెలు నిండకముందే ఆగిపోతుంది. మగ్గానికి నీళ్లు కావాలని వదినను అడగడానికి నాకు నామోషీ. అయినా పోగులు తెగడం లేదు! నా చేతివాటం అంతటిదని మురిసిపోయాను. “నాయన నేసేటప్పుడు కూడా ఎండాకాలం పోగులు తెగుతాన్నె గదన్నా, నాకు సూడు ఒక్కటన్నా తెగుతాండాదా” అని అన్నతో గొప్పలు పోయాను. వదిన అక్కడే నిలబడి ఉంది. ఏమీ అనలేదు.

ఒకనాడు తెల్లటి చీర మీద వరసగా మూడు చుక్కలు కనిపించేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. నాడె పక్కన పడేసి లేచాను.

“వదినా, ఈ తొట్టి తీసి వాకిట్లో పెట్టు. నీ పుణ్యముంటాది.”

“వాకిలి దక్షిణం.”

“అయితే మిద్దె మీద పెట్టు.”

“ఎండకు చేపలు ఉడికిపోతాయి. నీ మగ్గమే తీసి పెట్టుకో మిద్దె మీద.”

“నీ చేపల కోసరం నా బతుకు గుంత పాలు చేస్తాండావు గదా.”

వదిన గింజల డబ్బా మూత బిగించి, నా వైపు తిరిగింది. “అత్త మీద కోపం దుత్త మీద తీసినట్ల, హిందూపురంలో మీ అత్త మీద కోపమంతా నా చేపల మీద సూపిస్తాండావు. అవేం చేసినాయి నీకు? అవి కూడా ఆ నాలుగు అద్దాల నడమనే గదా తిరుగుతాండేది” అంది.

నేను మళ్లీ గుంతలో కూర్చుని నాడె అందుకున్నాను. ఆ మాట నిజమైనందుకు మండింది.

ఆ వారమే చెన్నేకొత్తపల్లి నుంచి వదిన వాళ్ల అన్న వస్తూ పసుపురంగు జిగురు అట్టలు తెచ్చాడు. టమాటా తోటల్లో కర్రలకు కడతారు, పురుగులు వచ్చి అంటుకుంటాయి. వదిన ఒకటి తొట్టి మీద కట్టింది. ఇంకోటి నా ముందుకు తోసింది. నేను దాన్ని మగ్గం కర్రకు, పడుగుకు ఎడంగా వేలాడదీశాను. మర్నాటికి తొట్టి మీది అట్టకు నాలుగో ఐదో, నా అట్టకు లెక్కలేనన్ని. “సూడు, నీ తొట్టిలో పుట్టి నా తావకే వస్తాండాయి” అన్నాను. అనుకున్నదానికి తగ్గట్టే కళ్లు కూడా చూస్తాయి. ఆ అట్టలు అప్పటికే నిజం చెప్తున్నాయి, వినడానికి నేను సిద్ధంగా లేను.

ఒక సాయంత్రం నా అట్ట ముడి ఊడి ఎటో పడిపోయింది. నేను చూసుకోలేదు. పొద్దున స్నానం చేసి వచ్చి గుంతలో కాళ్లు పెట్టగానే కుడికాలి మడమకు ఏదో పట్టుకుంది. విదిలించాను, వదల్లేదు. కెవ్వుమని కాలు పైకి లాగాను. మడమకు అట్ట అంటుకుని ఉంది. పసుపురంగు ఎక్కడా కనిపించలేదు, అంతా నలుపే. రెండు పక్కలా నుసుములు. నేను ఒంటికాలి మీద గెంతుతుంటే తొట్టి దగ్గర నుంచి ఒక నవ్వు వినిపించింది. వదిన నవ్వు. ఆ ఇంటికి వచ్చాక ఆమె నవ్వు నేను వినడం అదే మొదటిసారి.

నాకు నవ్వు రాలేదు. ఆ అట్ట పైన ఉన్నన్నాళ్లూ పట్టనన్ని నుసుములు, గుంతలో ఒక్కరాత్రి ఉంటే పట్టాయి. ఫోను లైటు వేసుకుని గుంతలోకి వంగాను. తొక్కుడు కర్రల వెనక, చీకట్లో, మా నాయన నాటి గోనెపట్టలు. చేత్తో తాకాను. చల్లగా, జిడ్డుగా, నానిపోయి ఉన్నాయి. ఒకదాని కొస పట్టి ఎత్తాను. నేను వెతుకుతున్న చేపల కంపు అక్కడ ఉంది. గోనె అడుగున సన్నటి తెల్లటి పురుగులు, పట్టు పోగు తుంపుల మాదిరి, తలలు మాత్రం నల్లగా. వాటి మధ్య నుంచి కొత్తగా రెక్కలొచ్చిన నుసుములు ఒకటొకటే లేచి నా ముఖం మీదికి వచ్చాయి. అవి తొట్టిలో పుట్టడం లేదు. నా కాళ్ల కింద పుడుతున్నాయి. లైటు కోసం తొట్టి దగ్గరికి పోతున్నాయి, అంతే.

“వదినా, ఈ గోనెలు ఎవరు తడిపినారు?”

నవ్వు ఆగిపోయింది. “నేనే” అంది.

“యా నీల్లతో?”

“తొట్టిలో తోడిన నీల్లు. పారబోసేదానికి మనసు రాలేదు. మీ నాయన గోనెలు తడిపేవాడని మీ అన్న చెప్తాండె. నువ్వు నీల్లు అడగవు, నోరు తెరిస్తే కొట్లాటకే. పోగులు తెగి చీర చెడిందంటే ఆ మనిషి గుంత పూడుస్తాడు. అందుకే నువ్వు స్నానానికి పోయినప్పుడు పోస్తాంటి.”

ఎప్పుడూ గుంతకు దూరంగా గోడ వెంబడి తిరిగే మనిషి, వారం వారం బకెట్ మోసుకొచ్చి అంచున నిలబడి పోసింది. నాకు ముందు కోపం వచ్చింది. ఆ వెంటనే సిగ్గు వేసింది. పోగులు తెగకపోవడానికి నా చేతివాటం కారణం కాదన్నమాట. చేపల ఉచ్చ. నీటిబొట్టు కూడా పారబోయని ఊరు మాది. చేపల నీళ్లను మగ్గానికి పోయాలనే తెలివి ఇంకెక్కడి వాళ్లకైనా వస్తుందా అని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

ఆ రోజంతా నేత ఆపాం. పడుగు మీద దుప్పటి కప్పి, నేను గుంతలో వంగి గోనెలు అందిస్తే ఆమె పైనుంచి లాగింది. అడుగున కుళ్లిన ఇసుక గంపలకెత్తి వీధి చివర పారబోశాం. ఎండలో కాల్చిన పొడి ఇసుక తెచ్చి పోశాం. కొన్నాళ్లకు నుసుములు పలచబడ్డాయి. తర్వాత ఎక్కడో ఒకటి. తర్వాత అదీ లేదు. చేపలు ఆకలికి తొట్టి పైకి వచ్చి నోళ్లు తెరిచేవి. వదిన గింజలు కొంచెం ఎక్కువ వేయడం మొదలుపెట్టింది.

పొడి గుంతతో పోగులు తెగడం కూడా మొదలైంది. నా చేతివాటం ఎంతటిదో అప్పుడు తెలిసింది. అతుకుతూ, నేస్తూ, అతుకుతూ చీర పూర్తి చేశాను. కోసి పరిచాక వదినా నేనూ చెరో పక్క కూర్చుని, దొరికిన చుక్కనల్లా సూదులతో గిల్లాం. ఆమె గరుకు వేళ్లు పట్టుకు తగలకుండా గుడ్డపీలిక చుట్టుకుంది. మా కళ్లకు ఇక ఏమీ కనిపించలేదు.

అన్న తన లైవ్ లైట్లు రెండూ వేసి చూశాడు. ఆ లైట్ల కింద అన్నీ కనిపించాయి. నూగులేచిన చోట్లు, నలిగిన చుక్కల నీడలు.

“ఇదేమి?” అన్నాడు.

“నుసుములు.”

“పెండ్లిచీర మీద నుసుములా?”

చీర మడతపెట్టి లోపల పెట్టాడు. మర్నాడు పొద్దున్నే వాకిట్లో ట్రాలీ ఆటో వచ్చి ఎర్రమట్టి కుప్ప పోసి వెళ్లింది. అన్న లుంగీ ఎగగట్టి, పార, గంప తీసుకుని మగ్గం గదిలోకి వచ్చాడు. పడుగు అయిపోయి మగ్గం బోసిగా ఉంది. “కట్టెలు తర్వాత విప్పుకుందాం. ముందు గుంత” అన్నాడు ఎవరితోనో చెప్పినట్టు. మొదటి గంప మట్టి ధభీమని గుంతలో పడింది. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. అడ్డం పోవాలని కూడా అనిపించలేదు. మాట ముందే చెప్పాడు, నేను ఒప్పుకున్నాను. మనసు అప్పుడే హిందూపురం రైలు ఎక్కేసింది. ఆ ఇంటి తలుపు, దానికి బయట వేసే తాళం, అత్త మాట, అన్నీ వరసగా కనిపించాయి.

రెండో గంపకు అన్న బయటికి పోయాడు. తిరిగి వచ్చేసరికి వదిన గుంతలో ఉంది.

ఆమె దిగడం నేను చూశాను. తొట్టి దగ్గర చేతులు తుడుచుకుని, చీర కుచ్చిళ్లు ఎగదోపి, నీళ్లలోకి దిగినట్టు మెల్లగా ఒక్కో కాలూ పెట్టి దిగింది. ఎర్రమట్టి మీద చతికిలబడి కూర్చుంది. తల మాత్రమే పైకి కనిపిస్తోంది.

“ఏమే, లెయ్యి” అన్నాడు అన్న.

“లెయ్యను. పోసుకో మట్టి.”

“పిచ్చి గిచ్చి పట్టిందా నీకు? ఆ యమ్మి పోతే నీకే గదా సుఖం. పొద్దున లేస్తే ఇద్దరూ కొట్లాటే.”

“అదే చెప్తాండా. ఆ యమ్మి పోతే ఈ ఇంట్లో నేను ఎవురితో కొట్లాడల్ల? నువ్వు దినమంతా ఫోనులో అక్కలతో మాట్లాడుకుంటాంటావు. నేను చేపలతో మాట్లాడల్లనా?”

అన్న గంప పట్టుకుని గుంత అంచు దాకా వచ్చాడు. పోస్తాడేమో అని కూడా ఒక క్షణం అనిపించింది. చివరికి మట్టి గంపను గుంతకు ఇవతల నేల మీద బోర్లించి, కాళ్లు విదిలించుకుంటూ బయటికి పోయాడు. వాకిట్లో కుప్ప తర్వాత పక్కింటి వాళ్ల అరుగుకు పనికొచ్చింది. ఇంకో పడుగు కూడా వచ్చింది, ఈసారి ముదురు నీలం.

కానీ అవన్నీ తర్వాతి మాటలు. అన్న చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగే దాకా వదినా నేనూ కదల్లేదు. ఇక ఎక్కడికీ పోనక్కరలేదని నాకు తెలిసిపోయింది. సంతోషం వేసింది. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఇన్నాళ్లూ నేను పోరాడింది ఈ గుంతలో కూర్చోవడానికే. ఇప్పుడు ఇది నాది. బహుశా చచ్చే దాకా నాది. అది ఇప్పించిన మనిషి మాత్రం మట్టిలో కూర్చుని, మోకాళ్లు చుట్టుకుని, మగ్గం కట్టెల్లోంచి కిటికీ వైపు చూస్తోంది.

“పైకి రా వదినా” అని చెయ్యి అందించాను.

ఆమె నా చెయ్యి వైపు చూసింది, పట్టుకోలేదు.

“పైకొచ్చి యాడికి పోవల్లమ్మే?” అంది.

మగ్గం గుంత ఒక్క మనిషి కోసమని తవ్వింది. అయినా నేనూ దిగి, ఆమె పక్కన ఇరుక్కుని కూర్చున్నాను.